పేజీలో పట్టని ఇల్లు

నవంబరు 9, ఆదివారం

నా రాత కుదురుగా ఉండదు. ఒత్తులు కొన్నిచోట్ల రెండుసార్లు పెడతాను, కొన్నిచోట్ల మొత్తానికే వదిలేస్తాను. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. ఈ పుస్తకం ఎవరి చేతికైనా దొరికితే నవ్వుకోండి గానీ, నలుగురికీ చూపించకండి. ఎవరూ చదవరనే ధైర్యంతోనే రాస్తున్నాను. ఈ డైరీని మా ఆయన పనిచేసే వృద్ధుల నర్సింగ్ హోములో ఒక పెద్దావిడ ఆయనకి ఇచ్చింది. ఆయనకి రాసే అలవాటు లేదు.

ఈరోజు ఆరాధన అయ్యాక జోజి అంకుల్ క్యారల్స్ తేదీ చెప్పారు. ఈ పరాయి దేశంలో మా లిమరిక్ తెలుగు సంఘానికి అంకులే పెద్ద. డిసెంబరు 20, శనివారం. పన్నెండింటికి బయల్దేరి, పద్దెనిమిది ఇళ్లలో పాటలు పాడి, ఎనిమిదిలోపు ముగించాలి. మా ఊళ్లో అయితే కంజీరలు వాయించుకుంటూ అర్ధరాత్రి దాటాక తలుపులు కొట్టేవాళ్లం. ఇక్కడ అలా చేస్తే పక్కింటివాళ్లు గార్డులను, అంటే ఇక్కడి పోలీసులను, పిలుస్తారని అంకుల్ భయం.

"మ్యాపు పని మళ్లీ జయకర్‌కేనా?" అన్నారు అంకుల్. వెనక వరుసలో ఎవరో దగ్గారు.

"ఈసారి కాగితం కాస్త పెద్దది కొనమనండి అంకుల్," అంది రోజీ అక్క. అందరూ నవ్వారు. జయకర్ అంటే మా ఆయనే, ఆయన కూడా నవ్వారు. నేను పాటల పుస్తకాలు సర్దుతూ కూర్చున్నాను.

పోయిన ఏడాది మ్యాపులో కృపావతి ఆంటీ ఇల్లు రాలేదు. పద్దెనిమిదింటిలో పదిహేడే కాగితం మీదికి వచ్చాయి. ఆంటీ ఉండే కిల్లలో అనే ఊరు మ్యాపులో పైన కుడి మూలన ఉంటుంది. అక్కడికి కాగితం అయిపోయింది. ఆంటీ గుమ్మంలో దీపం వేసుకుని చూసిందట. గుంపు వెళ్లలేదు. అప్పటినుంచి ఆమె సంఘానికి రావడం మానేసింది.

ఆ మ్యాపు చేసింది నేనని ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. ఆయనకి వరసగా డ్యూటీలు పడుతుంటే నేనే కూర్చుని గుర్తులు పెట్టాను. మాట పడింది ఆయన.

తప్పు ప్రింటరుది.

నవంబరు 11, మంగళవారం

వర్షం. కందిపప్పు, వంకాయ వేపుడు.

మ్యాపు మళ్లీ మొదలుపెట్టాను. నాకీ పని ఇష్టం. ఇక్కడికి వచ్చిన మొదటి వారం మేముండే డూరాడోయిల్‌లో పాలకని వెళ్లి మా ఇల్లు ఏదో తెలియక గంటసేపు తిరిగాను. అన్నీ ఒకే రకం ఇళ్లు, ఒకే రకం తలుపులు. ఎవరినైనా అడగాలంటే నోరు రాలేదు. అప్పుడు ఫోన్‌లో నీలం చుక్క నన్ను ఇంటికి తీసుకొచ్చింది. మనిషిని అడగకుండా దారి తెలుసుకోవచ్చు అని ఆరోజు తెలిసింది. అప్పటినుంచి మ్యాపంటే నాకు తోడు లాంటిది.

నవంబరు 15, శనివారం

పద్దెనిమిది గుర్తులూ పెట్టి పీడీఎఫ్ చేశాను. ఊళ్లో ఉన్న పదకొండు ఇళ్లూ ఒకదాని మీద ఒకటి, బెల్లం మీద చీమల్లా ముసురుకున్నాయి. ఏది ఎవరిదో తెలియదు. పెద్దది చేస్తే అవి విడివడ్డాయి గానీ, కిల్లలో ఊరు పేజీ దాటిపోయింది.

స్క్రీన్ మీద ఎంత కనపడుతుందో అంతే పీడీఎఫ్‌లోకి వస్తుంది. పక్కకి జరిపితే కనపడే ఇల్లు ఫోన్‌లో ఉన్నట్టే గానీ, కాగితం మీద లేనట్టే.

పోయిన ఏడాది నేను చేసింది అదే. పేర్లు బాగా కనపడాలని పెద్దది చేశాను. పెళ్లికి ముందు మూడేళ్లు మా బాబాయి జిరాక్స్ షాపులో పనిచేశాను. అంచు కోసుకుపోతుందేమో చూసుకోవాలని నాకు తెలియనిది కాదు.

ప్రింటరు తప్పు కాదేమో.

ఈసారి రెండు పేజీలు చేశాను. కాగితం అడ్డంగా పెట్టి మొదటి పేజీలో అన్ని ఊళ్లూ, రెండో పేజీలో లిమరిక్ ఒక్కటే పెద్దదిగా. ఇప్పుడు అన్నీ పట్టాయి.

నవంబరు 18, మంగళవారం

నేను తెలుగులో రాసుకున్న పేర్లు పీడీఎఫ్‌లో ఖాళీ డబ్బాలుగా వచ్చాయి. ఫోన్‌లో మాత్రం బాగున్నాయి. రాత్రి ఆయన చూసి, "ఇదేంటి లీలా, అందరి ఇళ్లకీ కిటికీలు పెట్టావా?" అన్నారు. నవ్వొచ్చింది.

ఈలోగా రోజీ అక్క ఆయనకి ఫోన్ చేసింది. ఆమె హాస్పిటల్లో నర్సు, మాట గట్టిది. స్పీకర్లో పెట్టారు.

"జయకర్, పోయినేడు కాగితం ఎవరో కారులో వదిలేశారు. నా పేరు, ఫోన్ నంబరు, ఇల్లు, అన్నీ అందులో ఉన్నాయి. నేను నైట్ డ్యూటీకి వెళ్తే ఇల్లు ఖాళీ అని బోర్డు పెట్టినట్టే కదయ్యా!"

అక్క చెప్పింది న్యాయం. మ్యాపు మీద పేర్లు తీసేసి ఒకటి నుంచి పద్దెనిమిది దాకా అంకెలు పెట్టాను. ఏ అంకె ఎవరిదో వేరే కాగితంలో రాశాను. అది కారు నడిపే ముగ్గురికే ఇస్తారు. డబ్బాల గొడవ కూడా దాంతోనే పోయింది.

కృపావతి ఆంటీది పద్దెనిమిది.

నవంబరు 22, శనివారం

లైబ్రరీలో ప్రింటు తీశాను. నలుపు తెలుపే. మధ్యాహ్నం వెళ్లే ఇళ్లకి ఎరుపు, సాయంత్రం ఇళ్లకి ఆకుపచ్చ పెట్టాను కదా, రెండూ ఒకే బూడిద రంగులో వచ్చాయి. ఇంటికొచ్చి మధ్యాహ్నానికి గుండ్రం, సాయంత్రానికి నక్షత్రం పెట్టి మళ్లీ వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి రెండో ప్రింటు చూసి "గ్రాండ్" అంది, ఇక్కడివాళ్లు బాగుంది అనడానికి అదే అంటారు. నేను కూడా గ్రాండ్ అన్నాను. బయటికి వచ్చాక సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

నవంబరు 23, ఆదివారం

ఆయన ఫోన్ నుంచి సంఘం వాట్సాప్ గ్రూపులో మ్యాపు లింకు పెట్టాను. ఎవరికీ తెరుచుకోలేదు. జోజి అంకుల్ వాయిస్ పెట్టారు: "జయకర్, ఇదేదో నన్ను పర్మిషన్ అడగమంటోంది. నా సంఘంలో నేనే పర్మిషన్ అడగాలా నాయనా?"

స్క్రీన్ ఫోటో తీసి పెట్టాను. వాట్సాప్‌లో అది మసకబారింది. ఎనిమిదో మూడో తెలియలేదు. చివరికి ఫైలునే డాక్యుమెంటుగా పంపాను. అప్పుడు అందరికీ స్పష్టంగా కనపడింది, పద్దెనిమిది బొటనవేళ్లు పైకి లేచాయి. "సూపర్ జయకర్" అని పెట్టారు.

తర్వాత అంకుల్ రాశారు: "పద్దెనిమిదో ఇంటికి ముందు అడగాలి. ఎవరు అడుగుతారు?"

ఎవరూ బదులివ్వలేదు. ఆయన ఫోన్ నా చేతిలోనే ఉంది. నేనూ ఇవ్వలేదు.

నవంబరు 30, ఆదివారం

అంకుల్ ఫోన్ చేశారట. ఆంటీ రావద్దందట. పద్దెనిమిది తీసెయ్యమన్నారు.

తీసేశాను. మళ్లీ పెట్టాను.

డిసెంబరు 2, మంగళవారం

రాయాల్సింది ఒకటి మిగిలింది. ఇన్నాళ్లూ మ్యాపు గురించే రాస్తున్నాను.

పోయిన ఏడాది క్యారల్స్‌కి వారం ముందు ఆంటీ ఆయనకి ఫోన్ చేసింది. ఆయన స్నానంలో ఉంటే నేను ఎత్తాను. "ఈసారి ఆఖరి ఇల్లు నాది పెట్టండమ్మా. అందరికీ భోజనం నేను పెడతాను. మా ఆయన పోయాక నా ఇంట్లో పదిమంది కూర్చుని తినలేదు," అంది. సరే ఆంటీ అన్నాను. క్యారల్స్‌లో ఆఖరి ఇంటివాళ్లే గుంపుకి భోజనం పెడతారు. అది ఎంత పెద్ద మాటో నాకు తెలుసు.

జోజి అంకుల్‌కి చెప్పాలి. ఆయన చుట్టూ ఎప్పుడూ నలుగురు మగవాళ్లు ఉంటారు. మ్యాపులో ఆంటీ పేరు పక్కన ఆఖరి ఇల్లు అని రాశాను కదా, చూస్తే వాళ్లకే తెలుస్తుంది అనుకున్నాను. మా ఆయనకి చెబుదామంటే, ఆయన వచ్చేసరికి నేను నిద్రపోయేదాన్ని. ఇదీ అబద్ధమే. రెండుసార్లు మెలకువగానే ఉన్నాను.

క్యారల్స్ రోజు ఆయన డ్యూటీలో ఉన్నారు. నేను రెండో కారులో వెనక సీట్లో, ఒళ్లో ఎవరి పాపో నిద్రపోతోంది. పదిహేడో ఇంటి ముందు అంకుల్ కాగితం చూసి, "అయిపోయాయి, దేవునికి స్తోత్రం, ఇళ్లకి పోదాం," అన్నారు.

నాకు గుర్తుంది.

పెద్ద వాన కొడుతోంది. ఎవరికో ఒకరికి గుర్తొస్తుందిలే అని చూశాను. వాన వల్ల వద్దనుకున్నారేమో అనుకున్నాను. కారు డూరాడోయిల్ వచ్చేదాకా అలాగే అనుకుంటూ కూర్చున్నాను.

డిసెంబరు 3, బుధవారం

ఆయనకి చెప్పాను. ఆంటీ ఫోన్ సంగతి చెప్పాను.

"భోజనం పెడతానందా?" అన్నారు. "నాకెందుకు చెప్పలేదు లీలా?"

"మర్చిపోయాను," అన్నాను.

లేచి వెళ్లి చినుకుల్లోనే కారు కడిగారు. లోపలికి వచ్చి, "నాకు చెప్పడం కాదు. ముందు ఆవిడకి చెప్పు. నేను దింపనా?" అన్నారు.

నేనే వెళ్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు.

డిసెంబరు 6, శనివారం

ఉదయం బస్సు ఎక్కాను. ఈ దేశంలో ఒంటరిగా ఊరు దాటడం ఇదే మొదటిసారి. రెండు పేజీల మ్యాపు మడతపడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాను. కిటికీ అవతల పొలాలు, గొర్రెలు, తడిసిన రాతి గోడలు. భయం వేయాలి గానీ, ఎందుకో హాయిగానే ఉంది. కిల్లలో వంతెన దగ్గర దిగి, ఫోన్ చూసుకుంటూ నా గుర్తు వైపు నడిస్తే, షానన్ నది గట్టు మీద ఆగాను. గుర్తు ఇంకా ముందుకి, నీళ్లలో ఉంది.

ఎవరినైనా అడగాలి. ఒక ముసలాయన కుక్కతో వస్తున్నాడు. ఆంటీ ఆ ఊళ్లోనే నర్సు. "కృపా, నర్స్" అన్నాను. ఆయన నవ్వి, చేత్తో సందు చూపించి ఏదేదో చెప్పాడు. సగం అర్థమైంది. సగం చాలింది.

ఆంటీ తలుపు తీసింది. జుట్టు బాగా నెరిసింది.

"వందనాలు ఆంటీ. నేను లీలారాణిని."

"తెలుసు. జయకర్ ఏడీ?"

"నేనొక్కదాన్నే వచ్చానండి. బస్సులో."

"బస్సులోనా! నోరు తెరిచి టికెట్ అడిగావా?"

"లీప్ కార్డు ఉందండి, బస్సులో ఆనిస్తే చాలు."

"అదీ సంగతి. లేకపోతే నడిచొచ్చేదానివి. లోపలికి రా, చలి ఇంట్లోకి వస్తోంది."

టీ పెట్టింది. నేను ముందు మాట్లాడాలి గదా, మ్యాపు తీసి బల్ల మీద పెట్టాను. ఆంటీ కళ్లజోడు పెట్టుకుని చూసింది.

"ఈ పద్దెనిమిది నేనా? నది మధ్యలో పెట్టావేంటే? పడవలో వస్తారా అందరూ?"

"వేలితో పెట్టానండి. జరిగిపోయినట్టుంది."

"ఎయిర్‌కోడ్ ఉందిగా, ఇంటింటికీ ఒక పిన్‌కోడ్! నా ఇంటిది నా ఒక్కదానికే. అది కొడితే సరిగ్గా గుమ్మం ముందుకి తెస్తుంది." మాట అన్నాక ఆగింది. "ఈ మ్యాపు నువ్వు చేశావా?"

"ఆ."

"పోయినేడుది?"

"అది కూడా నేనేనండి."

ఆంటీ కళ్లజోడు తీసింది. కాగితం మీద చూపించడానికి ఇంకేమీ లేదు.

"ఆంటీ, మీరు ఫోన్‌లో చెప్పింది నేను ఎవరికీ చెప్పలేదు. ఆఖరి ఇంటి దగ్గర కారులో నాకు గుర్తొచ్చింది కూడా. అయినా నోరు తెరవలేదు."

ఆంటీ కప్పు పక్కకి జరిపింది.

"ఇరవైఐదు మందికి వండాను," అంది. "కోడి పలావు, పెరుగు చట్నీ, సేమ్యా పాయసం. ఎనిమిదైంది, తొమ్మిదైంది. అందరికీ ఫోన్ చేద్దామనుకున్నా, రండి రండి అని అడుక్కుని పిలవాలా అని మానేశా. మూడు రోజులు అదే తిన్నాను. మిగిలింది పక్కింటి మాగీకి ఇస్తే, వాళ్లాయన కారానికి కుళాయి కింద నోరు పెట్టాడట."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందు వచ్చిందో తెలియదు.

"ఫోన్ ఎత్తింది నువ్వని నాకు తెలుసు. ఒక్కరికీ చెప్పలేదు నేను."

"ఎందుకండీ?"

"చెప్తే నిన్ను నమిలేస్తారు. రోజీ ఒక్కతి చాలు."

"మరి చర్చికి ఎందుకు రాలేదు?"

"వస్తే నువ్వు కనపడతావు. కనపడితే అడుగుతా. నలుగురిలో అడిగితే నువ్వు జన్మలో నోరు తెరవవు. నీ అంతట నువ్వే వస్తావని చూశా. ఏడాది పట్టింది నీకు, ఇరవై ఐదు కిలోమీటర్లు రావడానికి."

క్షమించండి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"సరే. పద్దెనిమిది ఉంచు. భోజనం ఈసారి కూడా నేనే పెడతా. కానీ రేపు సంఘంలో ఆ మాట నువ్వు చెప్పాలి. కాగితం పంచడం కాదు. జయకర్‌తో చెప్పించడం కాదు. నువ్వు నిలబడి, నోటితో. చెప్పకపోతే నా పొయ్యి వెలగదు."

బస్సు దాకా వచ్చి ఎక్కించింది. బస్సు కదిలేదాకా నిలబడింది.

ఇంటికొచ్చి ఎయిర్‌కోడ్ కొట్టాను. గుర్తు నీళ్లలోంచి లేచి ఆంటీ గుమ్మం ముందు నిలబడింది. అక్కడే ఉంచి మళ్లీ పీడీఎఫ్ చేశాను.

డిసెంబరు 7, ఆదివారం

చెప్పాను.

ప్రకటనల సమయంలో లేచాను. "వందనాలండీ" అన్నాను, తర్వాత మాట రాలేదు. ఆయన పక్కనే ఉన్నారు గానీ, అందించలేదు. "గట్టిగా చెప్పవే, ఇక్కడికి వినపడట్లా," అంది రోజీ అక్క. ఆ కసురుకే గొంతు పెగిలింది.

"పోయినేడు మ్యాపు నేను చేశాను. ఆఖరి ఇల్లు తనదని, భోజనాలు పెడతానని కృపావతి ఆంటీ ఫోన్‌లో చెప్పింది కూడా నాకే. నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన తప్పేం లేదు. ఈ ఏడాది ఆఖరి ఇల్లు పద్దెనిమిది. భోజనాలు అక్కడే. అందరూ రండి."

జోజి అంకుల్ మెల్లగా, "మర్చిపోయావా అమ్మా?" అన్నారు.

"ఆ," అన్నాను.

అంకుల్ తలూపారు. "మ్యాపులన్నీ నువ్వే చేస్తున్నావా? మేము జయకర్‌ని సూపర్ సూపర్ అంటున్నాం!"

"ఇన్నాళ్లూ పొగడ్తలు కొట్టేశావా జయకర్?" అంది రోజీ అక్క. ఈసారి నవ్వులో ఆయన నిజంగా నవ్వారు. బయటికొచ్చాక అక్క నా భుజం పట్టుకుని, "ఇంత గొంతు ఎక్కడ దాచావే?" అంది.

డిసెంబరు 13, శనివారం

ముగ్గురు డ్రైవర్లకీ ప్రింట్లు ఇచ్చాను. ప్రతి కాగితం నాలుగు అంచులూ వేలితో తడిమి చూశాను. అన్నీ ఉన్నాయి.

డిసెంబరు 21, ఆదివారం

నిన్న క్యారల్స్ జరిగాయి. కాళ్లు నొప్పులు, గొంతు బొంగురు, మనసు మాత్రం తేలిగ్గా ఉంది.

పదిహేడో ఇంటి ముందు అంకుల్ కాగితం చూసి, "ఇంకొకటి ఉంది," అన్నారు. కిల్లలో దారిలో ఫోన్లకి సిగ్నల్ పోయింది. జోజి అంకుల్ కాగితం మీద టార్చి వేసుకుని దారి చెప్పారు. ఆరున్నరకి మూడు కార్లూ ఆంటీ సందులో ఆగాయి. పాట మొదలుపెట్టకముందే తలుపు తెరుచుకుంది. ఆంటీ పట్టుచీర కట్టుకుంది. అంకుల్ ఏదో క్షమాపణ చెప్పబోతే, "పాడండి ముందు, పలావు చల్లారిపోతుంది," అంది.

ఇరవైఏడు మంది తిన్నారు. కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. మాగీ వాళ్లాయన కూడా వచ్చి, పెరుగు చట్నీ ఒక్కటే పెట్టించుకున్నాడు. ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడి తినేవాళ్లని చూస్తూ ఉంది.

వడ్డిస్తుంటే నా పక్కకి వచ్చి అడిగింది: "కారు సంగతి జయకర్‌కి చెప్పావా?"

"మర్చిపోయాననే చెప్పానండి. సంఘంలో కూడా అలాగే."

"ఊఁ," అంది. గరిటె నా చేతికిచ్చి పాయసం తేవడానికి వెళ్లిపోయింది.

ఈ పుస్తకాన్ని ఇక్కడితో ఆపేస్తాను. ఇక ఈ మాటలు మీకేనండి. రేపు పొద్దున మీ డ్యూటీ బ్యాగులో, టిఫిన్ డబ్బా కింద పెడతాను. మీరు రాయకపోయినా చదువుతారు కదా. డిసెంబరు రెండో తేదీ దగ్గర చదవండి. ఆ రోజు కారులో ఆంటీ మాట నాకు గుర్తే ఉంది. మీకు చెప్పింది అబద్ధం. ఏడాదంతా నా బదులు మాట పడ్డ మనిషికి ఇది తెలియకుండా ఉండకూడదు.

కోపం వస్తే మెసేజ్ పెట్టకండి. ఇంటికొచ్చి నాతోనే అనండి. నేను బదులు చెబుతాను. తర్వాత దీన్ని కాల్చేయండి, రాత కూడా బాగాలేదు. ఇంట్లో మాత్రం వద్దు, స్మోక్ అలారం మోగుతుంది. వాన లేని రోజు చూసి పెరట్లో కాల్చండి.